ఆగిపోయిన కంప్యూటర్ ఏమంటోంది?

పాత కంప్యూటర్లలోకి లినక్స్ వస్తోంది. డబ్బులు కట్టక్కర్లేదు, వైరస్‌ల గోల తక్కువ. బాగానే ఉంది... మరి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మొరాయిస్తే? జక్రాన్‌పల్లిలోని ఓ ఇంట్లో నాలుగు రోజులు కూర్చుని చూసిన సంగతులివి.

"అన్నా... మల్ల ఆగిపాయె!"

ఫోన్లో చెల్లె గొంతు. ఆ వారంలో అది మూడోసారి. వెనక నుంచి చిన్నమ్మ మాటలు కూడా వినిపిస్తున్నాయి. "గా కొత్తది ఎక్కించినప్పటి సంది గిట్లనే అయితుంది బిడ్డా. తీసెయ్యమని చెప్పు. షాపాయన ఫార్మాట్ కొడ్తనన్నడు."

ఫార్మాట్ అన్న మాట వినగానే బస్సెక్కాను.

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు వైపు వెళ్తుంటే డిచ్‌పల్లి దాటాక జక్రాన్‌పల్లి వస్తుంది. పసుపు ఉడకబెట్టే రోజులవి. కల్లాల్లో ఎండబోసిన పసుపు కొమ్ముల వాసన ఊళ్లోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలింది. చిన్నమ్మ వాళ్లింట్లో ముందు గదిలో, కిటికీ పక్కన టేబుల్ మీద ఉంటుందా కంప్యూటర్. మా చిన్నాయిన దుబాయిలో పనిచేస్తున్నప్పుడు పంపిన డబ్బులతో కొన్నది. ఈ జిల్లాలో గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లున్నట్టే, గల్ఫ్ డబ్బుతో కొన్న కంప్యూటర్లూ ఉన్నాయి. చిన్నాయిన ఇప్పుడు లేడు. ఆయన అక్కడి నుంచి పంపిన ఫొటోలు, క్యాంపు గదిలో కూర్చుని పిల్లలతో మాట్లాడిన వీడియోలు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. షాపాయనకు ఆ సంగతి తెలీదు. ఆయన్ని తప్పుపట్టాల్సింది కూడా ఏమీలేదు. ఏ జబ్బుకైనా ఒకే మందు రాసే అలవాటు కంప్యూటర్ రిపేర్లలో మనకు ఎప్పటినుంచో ఉంది.

ఎందుకొచ్చింది లినక్స్?

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలు ఇచ్చినా, ఆ తర్వాత విండోస్ 11కు మారాల్సిందే. దానికేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త ప్రాసెసరూ కావాలి. పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఆ యోగం లేదు. నిక్షేపంలా నడుస్తున్న యంత్రాన్ని పాత సామాన్లవాడికి వేయాలా అని జనం ఆలోచనలో పడ్డారు. చెల్లె వాళ్ల కాలేజీలో సీనియర్ ఒకరు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తెచ్చి ఎక్కించి పెట్టాడు. పాతవన్నీ జాగ్రత్తగా పక్కన ఉంచి మరీ ఎక్కించాడు. డిగ్రీ ప్రాజెక్టు పని దానిమీదే మొదలెట్టింది చెల్లె.

లినక్స్ అనగానే అదేదో మనది కాని వ్యవహారం అనుకుంటాం. నిజానికి చిన్నమ్మ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు గుండెకాయ లినక్సే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్‌వే. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ సరదాగా మొదలుపెట్టిన పని ఇంతదూరం వచ్చింది. మా చదువుల రోజుల్లో ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. 2011లో ఆ పథకం ఆగిపోయింది. విదేశీ స్టాంపుతో వచ్చిన ఆ కవరును పోస్ట్‌మ్యాన్ ఇచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూడటం నాకింకా గుర్తుంది. ఆ సీడీతో నేను చేసిన మొదటి ఘనకార్యం... మా ఇంట్లో ఉన్న విండోస్‌ను చెరిపేయడం! నాన్న వారం రోజులు మాట్లాడలేదు.

కాబట్టి చెల్లె పరిస్థితి నాకు బాగా తెలుసు. కొత్తగా లినక్స్‌కు వచ్చినవాళ్లకు ఏ ఇబ్బంది ఎదురైనా తప్పు లినక్స్‌దేనని ఖాయంగా అనిపిస్తుంది. ఇంట్లోకి కొత్త కోడలు వచ్చిన రోజున పాలు పొంగిపోయినట్టు!

ముందు ఫొటోలు... తర్వాతే రిపేరు

మొదటిరోజు నేను కంప్యూటర్‌ను బాగుచేసే ప్రయత్నమే చేయలేదు. సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఉంది కదా... దాన్ని పెట్టి, హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపించాం. దీన్నే లైవ్ యూఎస్‌బీ అంటారు. కంప్యూటర్లో ఉన్న లినక్స్ లేవకపోయినా, విండోస్ లేవకపోయినా ఈ దారిలో మన ఫైళ్లను బయటికి తెచ్చుకోవచ్చు. చిన్నాయిన ఫొటోలు, వీడియోలు, చెల్లె ప్రాజెక్టు అన్నీ వేరే డ్రైవ్‌లోకి ఎక్కించాం. మధ్యలో ఒకసారి తెర బిగుసుకుపోయింది. మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేసి, నాలుగైదు వీడియోలు తెరిచి చూసి అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం. మీ ఇంట్లోనూ పాత కంప్యూటర్ ఉంటే ఈ ఒక్క పనీ ఈ ఆదివారమే చేసేయండి. లినక్స్ ఉన్నా, విండోస్ ఉన్నా సరే.

ఆ 'మధ్యలో ఒకసారి' అన్నదాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

ఆగడంలో రకాలు

"ఆగిపోయింది" అంటే ఏమిటి? చెల్లెను అదే అడిగాను. "ఆగిపాయె అంటే ఆగిపాయె అన్నా" అంది. డాక్టరు దగ్గరికి వెళ్లి "బాగాలేదు" అంటే సరిపోదు కదా. జ్వరమా, దగ్గా, ఎన్ని రోజుల నుంచి... ఇవన్నీ చెప్పాలి. కంప్యూటర్‌కూ అంతే.

ఒక్కోసారి ఆగిపోయేది బ్రౌజర్ ఒక్కటే. మౌస్ బాణం కదులుతూనే ఉంటుంది, మిగతా కిటికీలు పనిచేస్తుంటాయి. దాన్ని మూసేస్తే సరి. ఇంకోసారి అంతా నత్తనడక నడుస్తుంది, క్యాబినెట్ మీద చిన్న లైటు ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. ర్యామ్ నిండిపోయి హార్డ్‌డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటోందని దానర్థం. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో ఇరవై ట్యాబులు తెరిస్తే పాపం అదేం చేస్తుంది? రెండు మూడు నిమిషాలు ఓపిక పడితే చాలావరకు తేరుకుంటుంది. మనం ఆ ఓపిక లేక పవర్ బటన్ నొక్కేస్తాం.

మూడో రకమే అసలైనది. బాణం కదలదు. పాట ఒకే ముక్క దగ్గర గీపెడుతుంది. అప్పుడు కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కి చూడాలి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉన్నట్టు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్లటి తెర వచ్చి పేరు, పాస్‌వర్డ్ అడగొచ్చు. అక్కడి నుంచి మర్యాదగా రీస్టార్ట్ చేసుకోవచ్చు. క్యాప్స్‌లాక్ లైటు కూడా ఉలకకపోతే కెర్నెల్ దాకా... అంటే లినక్స్ మూలం దాకా బిగుసుకుపోయిందన్నమాట. అలాంటప్పుడు కూడా కరెంటు తీసేయడానికి ముందు ఇంకో దారి ఉంది. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ మీటల్ని నొక్కిపట్టి ఎస్, యు, బి అక్షరాల్ని కాస్త కాస్త ఎడంగా నొక్కాలి. కెర్నెల్ వినే స్థితిలో ఉంటే రాయాల్సినవి డిస్కులో రాసేసి, డిస్కును భద్రంగా మూసి, రీస్టార్ట్ అవుతుంది. ఉబుంటు, మింట్ రెండింట్లోనూ ఈ మూడక్షరాలూ పనిచేసేలా ముందే అమర్చి ఉంటుంది.

చెల్లెది మూడో రకం. క్యాప్స్‌లాక్ ఉలకలేదు, పలకలేదు.

నల్లతెర చూసి బెదిరిపోయి...

అంతకు పది రోజుల ముందు ఇంకో ముచ్చట జరిగింది. కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్లతెర మీద ఇంగ్లిషు అక్షరాలు, చివర్లో 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అన్న మాట, పక్కన మెరుస్తూ ఓ గీత. అంతే! చిన్నమ్మ ఆ రాత్రి అన్నం తినలేదట, ఆయన ఫొటోలు పోయాయని.

కొత్తవాళ్లను బాగా భయపెట్టే తెర అది. పోయిందేమీ లేదు. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పద్దు ఒకటి ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే లెక్క తప్పుతుంది. లెక్క సరిచూడకుండా ముందుకు వెళ్లనని లినక్స్ అక్కడ ఆగిపోతుంది. సాధారణంగా ఏ డిస్కు భాగంలో తేడా ఉందో కూడా ఆ తెర మీదే రాసి ఉంటుంది. 'ఎఫ్ఎస్‌సీకే' అనే ఆదేశం పక్కన ఆ భాగం పేరు కొడితే పద్దు సరిచేస్తుంది. చెల్లెకు సీనియర్ ఫోన్లో చెప్పాడు, కొట్టింది, లేచింది. సంతోషం. కానీ నాలుగు రోజులకు మళ్లీ అదే తెర. మళ్లీ కొట్టింది. కరెంటు పోకుండానే మూడోసారి!

అక్కడ అనుమానం రావాలి. పద్దు ఒకసారి తప్పితే కరెంటు తప్పు. మాటిమాటికీ తప్పుతుంటే రాసే చేతిలోనో, రాసే పుస్తకంలోనో ఏదో ఉంది. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ సరిచేయించడం మంచిది కాదు కూడా. డిస్కు చెడిపోతున్నా, ర్యామ్ తప్పుడు లెక్కలు చెబుతున్నా ఆ సరిచేతే కొన్ని ఫైళ్లను చెడగొట్టగలదు. అందుకే ఫొటోలు ముందు.

డైరీ చదివాం

రెండోరోజు క్యాబినెట్ విప్పాం. మక్క పొట్టు, పసుపు దుమ్ము, దూది... ఫ్యాను రెక్కలకు మందంగా పట్టేసి ఉంది. నా అనుమానమంతా వేడి మీదే. శుభ్రంగా దులిపి, ఊది బిగించాం. ప్రాసెసర్ వేడి బాగా తగ్గింది. "ఇగ ఆగది" అని గొప్పగా చెప్పాను. చెల్లె టీ తెచ్చేలోపు ఆగింది!

నేను ముందే చేయాల్సిన పని చేయకుండా ఊహ మీద పోయాను. లినక్స్‌లో జరిగిందంతా రాసిపెట్టే డైరీ ఒకటుంది. జర్నల్ అంటారు. టెర్మినల్ తెరిచి 'జర్నల్‌సీటీఎల్' అని కొట్టి, ఓ ఖాళీ వదిలి మైనస్ గుర్తు, బి... ఇంకో ఖాళీ వదిలి మైనస్ ఒకటి కొడితే, ఇప్పటి సంగతులు కాకుండా కిందటిసారి ఆన్ చేసినప్పటి నుంచి ఆగిపోయేదాకా జరిగినవి చూపిస్తుంది. వందల వరుసలుంటాయి. అన్నీ చదవక్కర్లేదు. చివరి యాభై చాలు. ఎర్రగా కనిపించిన ప్రతి వరుసా ప్రమాదమేమీ కాదు. బాగున్న కంప్యూటర్లోనూ ఎర్ర వరుసలు కొన్ని ఉంటాయి.

చెల్లె చేత ఓ నోటుపుస్తకం పెట్టించాను. ఎప్పుడు ఆగింది, అప్పుడేం చేస్తోంది, డైరీలో చివరి మాటేంటి? మొదటిసారి కుప్పకూలింది బ్రౌజర్. రెండోసారి ఫైళ్లు చూపించే ప్రోగ్రామ్. మూడోసారి అప్‌డేట్లు చూసేది. ఒకదానికొకటి సంబంధం లేదు. ఆ మూడు వరుసలూ పక్కపక్కన చూశాక గానీ నాకు వెలగలేదు. ఎప్పుడూ ఒకే ప్రోగ్రామ్ కూలుతుంటే ఆ ప్రోగ్రామ్‌లో బగ్ ఉందని మొదట అనుకోవాలి. ప్రతిసారీ వేరేది కూలుతుంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఏ ప్రోగ్రామ్ అయినా నడవాల్సింది ర్యామ్‌లోనే!

ఇప్పుడు ఆ మొదటిరోజు సంగతి గుర్తుచేసుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపించినప్పుడు కూడా తెర బిగుసుకుంది. హార్డ్‌డిస్క్‌లో ఎక్కించిన లినక్స్‌కు ఆ ఆగడంతో సంబంధమే లేదు. అంటే ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించినా, విండోస్ వేసినా ఇదే జరిగేది. సమాధానం మొదటిరోజే కళ్లముందు ఉంది, నాకు కనబడలేదు.

మింట్ మొదలయ్యేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కిపడితే ఓ పట్టిక వస్తుంది. కొన్ని కంప్యూటర్లలో ఎస్కేప్ మీట నొక్కాలి. అందులో మెమరీ పరీక్ష ఉంటుంది... మెమ్‌టెస్ట్. రాత్రి పడుకోబోయే ముందు పెట్టాం. తెల్లారి చూస్తే తెర నిండా ఎర్ర గీతలు. లోపల రెండు ర్యామ్ పలకలున్నాయి, ఒక్కోటి రెండు జీబీ. కరెంటు తీసేసి, ఒకదాన్ని బయటికి లాగి, బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్ది (ఈ వైద్యం చేయని మెకానిక్ మన దగ్గర ఉండడేమో) ఒక్కదానితోనే పరీక్ష పెట్టాం. తప్పు లేదు. దాన్ని తీసి, అదే గాడిలో రెండోది పెట్టాం. పావుగంటలో ఎర్ర గీతలు! దొరికాడు దొంగ.

రెండింటినీ ఒకేసారి రుద్ది, ఒకేసారి పెట్టి, మధ్యలో అప్‌డేట్ కూడా చేసి ఉంటే ఏది తప్పో ఎప్పటికీ తేలేది కాదు. ఒకసారికి ఒకటే మార్చాలి. చెప్పడానికి తేలికే. విసుగొచ్చినప్పుడు మాత్రం నాలుగు మార్చేసి చూద్దామనిపిస్తుంది.

పాతకాలం డీడీఆర్3 ర్యామ్ నిజామాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌ది కొన్ని వందల్లో దొరికింది. "గింతేనా? గా కంప్యూటర్ కొత్తది కొనుడే దిక్కన్నరు కదా" అంది చిన్నమ్మ.

అన్నీ ర్యామ్ కథలే కాదు

నిజంగానే లినక్స్ తప్పులూ ఉంటాయి. అప్‌డేట్ చేసిన మర్నాడు తెర నల్లగా వస్తే, అదే పట్టికలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో లేపి చూడాలి. లేచిందంటే కొత్త కెర్నెల్‌తోనే పేచీ. చవక ల్యాప్‌టాప్‌లలో వచ్చిన ఇంటెల్ బే ట్రెయిల్ ప్రాసెసర్లున్నవి కొన్నేళ్లపాటు లినక్స్‌లో కారణం లేకుండా బిగుసుకుపోయేవి. ప్రాసెసర్ కునుకు తీసే పద్ధతిలో ఉంది కిటుకు. ఎక్కువ లోతుగా నిద్రపోనివ్వకుండా ఓ చిన్న ఆదేశం పెడితే ఆగేవి కాదు. వేలమంది మామూలు వాడకందార్లు "నాకూ ఇలాగే అవుతోంది" అని వివరాలు రాసి పంపితేనే అది బయటపడింది.

ఇంకో తమాషా. ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకున్నవాళ్లకు గడియారం తప్పుతుంది. అదీ సరిగ్గా ఐదున్నర గంటలు! యంత్రం లోపలి గడియారాన్ని విండోస్ మన సమయంగా చదువుతుంది. లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా రాస్తుంది. మనకూ దానికీ తేడా ఐదున్నర గంటలే కదా. బ్యాటరీ మార్చినా పోదు. 'టైమ్‌డేట్‌సీటీఎల్' అనే ఆదేశంతో లినక్స్‌కు ఒక్కసారి చెబితే పోతుంది.

ఒక్క హెచ్చరిక. ఎవరో చెప్పారని 'సుడో'తో మొదలయ్యే ఆదేశాన్ని అర్థం తెలీకుండా కొట్టకండి. సుడో అంటే ఇంటి తాళాలన్నీ చేతికివ్వడం. డిస్కు మొత్తం చెరిపేసే ఆదేశాన్ని పరిహాసానికి చెప్పేవాళ్లూ ఉంటారు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంటుంది. మార్పులకు ముందు దాంతో ఓ ప్రతి తీసిపెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తెచ్చుకోవచ్చు. ఇది సిస్టమ్ ఫైళ్ల కోసమే. ఫొటోలకు వేరే కాపీ ఉండాల్సిందే.

మన అక్షరం... మన బగ్

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే తెలుగు అక్షరాన్ని ఒక పద్ధతిలో కూర్చి పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి. మెసేజ్ తెరిస్తే చాలు, యాప్ ఢమాల్! ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. ఆ నెలలోనే యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. జకారం, ఞకారం, కంటికి కనిపించని ఓ గుర్తు, దీర్ఘం... ఇన్ని ఒకచోట పోగయితే ఏం చేయాలో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియలేదు.

ఒత్తు పక్కకు జరిగినా, గుణింతం విడిపోయినా అది తప్పని తెలుగు చదివేవాళ్లకే తెలుస్తుంది. ఎక్కడో ఉన్న ప్రోగ్రామర్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి. లినక్స్‌లో తెలుగు ఈమాత్రం చక్కగా కనిపిస్తోందంటే ఇలాంటి తప్పుల్ని ఓపికగా పట్టి చెప్పినవాళ్ల పుణ్యమే. దేశికాచారి రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఖతులు, హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో తెచ్చిన లినక్స్... ఇవన్నీ ఆ దారిలోవే. ఆ సంస్థలో పనిచేసిన వాళ్లలో విద్యార్థులు చాలామంది. పక్కన కేరళలోనైతే సర్కారు బడుల్లో ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. బడి పిల్లలకు అక్కడ 'ఆగిపోయింది' కొత్త మాట కాదు.

బగ్ గురించి చెప్పడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. నేను ఇది చేశాను, ఇలా అవుతుందనుకున్నాను, ఇలా అయింది. నా దగ్గరున్నది ఫలానా వెర్షన్, ఫలానా యంత్రం. మళ్లీ చేస్తే మళ్లీ అయింది, లేదా కాలేదు. ఇంతే. మింట్‌లో 'సిస్టమ్ రిపోర్ట్స్' అన్నచోట యంత్రం వివరాలన్నీ ఒక్క నొక్కుతో కాపీ అవుతాయి. "లినక్స్ పనిచేయట్లేదు, ప్లీజ్ హెల్ప్" అని రాస్తే జవాబు రాదు, రాసినవాళ్లకు ఏం చెప్పాలో తెలీక.

నాలుగోరోజు సాయంత్రం చెల్లె ప్రాజెక్టు పని చేసుకుంటుంటే చిన్నమ్మ వచ్చి వెనక కూర్చుంది. "జర గా వీడియో పెట్టు" అంది. చిన్నాయిన బంక్ మంచం మీద కూర్చుని, చేతిలో రొట్టె ముక్కతో, వర్షాలు పడ్డాయా అని అడుగుతున్నాడు. పూర్తిగా నడిచింది. ఎక్కడా ఆగలేదు.

మొన్న మళ్లీ ఫోన్. "అన్నా, ప్రింటర్ పని చేస్తలేదు. ఆగు, ఏం జేసిన్నో చెప్త, రాసుకున్న..." అని నోటుపుస్తకంలోంచి చదవడం మొదలుపెట్టింది. రెండో వరుసకే తెలిసిపోయింది, ప్రింటర్ కేబుల్ పెట్టలేదని. నేను చెప్పలేదు. నాలుగో వరుసలో తనే నవ్వింది.